కోరుపీట మీద ప్రసంగం

పాస్టర్ల బడి, ఉపోలు దీవి
9 ఫిబ్రవరి 1964

ప్రియమైన అక్కకు,

ప్రభువు కృపవల్ల క్షేమం. నువ్వు పంపిన బుట్ట అందింది. చేమదుంపలు సగం నా గదివాళ్లే తినేశారు, అడగకుండానే. నీ చేతి వంటకి ఇక్కడ కూడా పేరుంది.

ఇది నా ఆఖరి సంవత్సరం. ప్రిన్సిపాల్ గారు ఈసారి కొత్త పరీక్ష పెట్టారు. ఒక్కొక్కరూ తమ ఇంట్లో రోజూ వాడే వస్తువు ఒకటి తీసుకుని, దాని మీద పరిచర్య గురించి పావుగంట ప్రసంగించాలి. దీపం ఒకడు పట్టుకుపోయాడు. పళ్లెం, చీపురు, చాప అన్నీ అయిపోయాయి. గ్రీకు క్రియలు అడిగితే నిద్రలో కూడా చెప్తాను, ఇంటి వస్తువు అడిగేసరికి బుర్ర పనిచేయడం లేదు. వంటపాకలో పొద్దు గడిపేది నువ్వు కదా. ఏదైనా తోస్తే రాయి. తోచకపోయినా రాయి.

మామయ్యకు నా నమస్కారాలు. ఆయన పన్ను నొప్పి తగ్గిందా?

నీ తమ్ముడు
పెనియామినా


మాతాలోవా, సవాయి దీవి
23 ఫిబ్రవరి 1964

తమ్ముడూ పెనీ,

వానలకు పడవ నాలుగు రోజులు రాలేదు, అందుకే ఆలస్యం. మామయ్య పన్ను పీకేశారు. ఆ పన్ను కాగితంలో చుట్టి అందరికీ చూపిస్తున్నాడు, ఊరి పెద్ద అయ్యుండి.

నాకు చదువు తక్కువ. అడిగావు కాబట్టి రాస్తున్నాను, నచ్చకపోతే పొయ్యిలో వెయ్యి. నేను రోజూ చూసేది మన కోరుపీట. అమ్మ వాడిన ఆ పాత పీటే, ముందువైపు ఇనుప పళ్లు కట్టి ఉంటుందే, అదే. నిలబడి కొబ్బరి కోరడం ఎవరికీ కుదరదు. ఎంత గొప్పవాడైనా దాని మీద కూర్చోవలసిందే, కూర్చుంటే తల వంచవలసిందే. విందు అయ్యాక పంది బాగుందంటారు, చేప బాగుందంటారు. కొబ్బరిపాలు బాగున్నాయని ఎవరూ అనరు. పాలు పోయకపోతే మాత్రం అందరికీ తెలుస్తుంది.

ఇంకొకటి. శిష్యులు తమలో ఎవరు పెద్ద అని గొడవపడుతుంటే ప్రభువు తువ్వాలు కట్టుకుని వాళ్ల కాళ్లు కడగడానికి నేల మీదికి దిగాడు కదా. నేల మీది నుంచి చూస్తే పాదాలే కనబడతాయి, మొహాలు కనబడవు. పీట మీద కూర్చున్నప్పుడు నాకూ అంతే. ఎవరో వస్తారు, ఎవరో పోతారు, అందరికీ ఆకలే. మొహం చూసి పెట్టడమనేది అక్కడ ఉండదు. ఆయన అందుకే అంత కిందికి దిగాడేమో అనిపిస్తుంది నాకు.

ఆదివారం పొయ్యి పని మగపిల్లలది. నువ్వు ఎగ్గొట్టినప్పుడల్లా నేనే కోరేదాన్ని. బొటనవేలి కింది మచ్చ వాన పడితే ఇప్పటికీ లాగుతుంది. సరేలే, పాత సంగతి.

గదివాళ్లకి వేరే బుట్ట పంపుతున్నాను. నీది నువ్వు తిను.

నీ అక్క
ఫువాటినో


పాస్టర్ల బడి
5 ఏప్రిల్ 1964

ప్రియమైన అక్కకు,

నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ప్రసంగం అయ్యాక ప్రిన్సిపాల్ గారు లేచి, ఇరవై ఏళ్లలో ఈ గదిలో ఇలాంటిది వినలేదన్నారు. మే నెలలో అన్ని దీవుల సంఘాలూ కలిసే మహాసభలో నన్నే ప్రసంగించమన్నారు. అది రేడియోలో కూడా వస్తుందట.

ఇది నీకెక్కడ దొరికిందని అందరూ అడిగారు. ప్రార్థనలో దొరికిందన్నాను. అది అబద్ధం కాదు కదా, నీ ఉత్తరం చదివాక మోకరించాను.

నాకొక సాయం చేయాలి. ఆ పీట పంపు. సభలో ఎత్తి చూపించాలి. పావుగంట చాలదు, అరగంటకు పెంచమన్నారు. కాస్త కథ ఉండాలి, జనం మనసుకు తగిలేది ఏదైనా జీవితంలో జరిగింది చేర్చమన్నారు. అది నేను చూసుకుంటాను.

ఆనందంతో,
నీ పెని


మాతాలోవా
19 ఏప్రిల్ 1964

నా తమ్ముడికి,

పీట గోనెసంచిలో కుట్టి పడవవాడికి అప్పగించాను. ఇనుప పళ్లకు గుడ్డ చుట్టాను, విప్పేటప్పుడు జాగ్రత్త. అది తిరిగొచ్చేదాకా నేను పక్కింట్లో అడిగి తెచ్చుకుంటాను, దాని గురించి ఆలోచించకు.

ఊరంతా తెలిసిపోయింది. నేను చెప్పలేదు. సరే, ఇద్దరికి చెప్పాను. పాస్టరమ్మ గారు ఆ రోజు రేడియోను గది బయటికి తెచ్చి పెడతానన్నారు. మహిళా సంఘం వాళ్లందరూ వస్తారు. నేను తెల్లగౌను కుట్టుకుంటున్నాను. రేడియో ముందు కూర్చోడానికి కొత్తగౌను ఎందుకని మామయ్య నవ్వాడు. ఆయన మాత్రం నిన్న మంగలి దగ్గరికి వెళ్లొచ్చాడు.

అమ్మ ఉంటే బాగుండేది.

ఫువాటినో


పాస్టర్ల బడి
14 జూన్ 1964

ప్రియమైన అక్కకు,

సభ అయి నాలుగు వారాలయింది. రెండు ఉత్తరాలు రాశాను, ఒక్క ముక్క జవాబు లేదు. పీట తిరిగి పంపలేదని అలిగావా? అది ప్రిన్సిపాల్ గారి గదిలో బల్ల మీద ఉంది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారు, అడగడానికి మొహమాటంగా ఉంది. నీకు కొత్తది చేయించి పంపుతాను, ఇంకా మంచిది.

ఇక్కడి వార్తలు విను. ప్రసంగం అయ్యాక ముసలివాళ్లు కూడా ఏడ్చారు. దక్షిణ తీరంలో ఒక పెద్ద ఊరి నుంచి పెద్దలు ఆరుగురు వచ్చి తమ సంఘానికి పాస్టరుగా రమ్మని పిలిచారు. చదువు పూర్తికాకముందే పిలుపు రావడం మా తరగతిలో నాకొక్కడికే. పెళ్లి సంగతి కూడా త్వరగా తేల్చుకోమన్నారు. అక్కడ ప్రవేశించే రోజున మన కుటుంబం తరఫున సన్నచాపలు రెండైనా కానుకగా పెట్టాలి. నువ్వు అల్లుతున్నది ఎంతవరకు వచ్చింది?

మౌనంగా ఉండకు. నాకు మనసు నిలవడం లేదు.

నీ పెని


మాతాలోవా
28 జూన్ 1964

పెనియామినాకు,

పీట గురించి కాదు.

నాకు రాయడం చేతకాక ఆగాను. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది నాలుగోది.

ఆ రోజు పాస్టర్ గారి ఇంటి దగ్గర చాపల మీద ముప్పైమందిమి కూర్చున్నాం. నీ గొంతు రేడియోలో వేరేగా వినిపించింది, నాన్న గొంతులా. పీట గురించి చెప్పావు. తల వంచడం చెప్పావు, పాదాలు, మొహాలు అన్నీ చెప్పావు. అవి నావని నాకు అనిపించలేదు. నీ నోట వింటుంటే నీవే అనిపించాయి, సంతోషించాను.

తర్వాత నువ్వు చెప్పిన కథ. మా ఇంట్లో ఒక అక్క ఉండేది అన్నావు. కొబ్బరి కోరమంటే ఆమెకు గిట్టేది కాదన్నావు. ఒక ఆదివారం పొద్దున కోపంతో ఆమె పీటను తన్నిందనీ, ఇనుప పళ్లు పదేళ్ల తమ్ముడి చేతిలో దిగాయనీ, తెల్ల కొబ్బరిలో నెత్తురు పడిందనీ చెప్పావు. ఆ తమ్ముడు అమ్మతో ఏమీ చెప్పకుండా చేతికి ఆకు చుట్టుకుని మిగతా కొబ్బరి కోరాడన్నావు. పరిచర్య అంటే ఏమిటో ఆ రోజే తనకు తెలిసిందన్నావు.

నీకు ఒక్కతే అక్క. ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు.

అందరూ నా వైపు తిరిగారు. నేను చెయ్యి గౌను కింద దాచుకున్నాను. మచ్చ నా చేతికే ఉంది పెనీ. దాచుకున్నది కూడా నేనే. కనబడితే నువ్వు అబద్ధమాడావని తెలిసిపోతుందని దాచాను. ఆ క్షణంలో కూడా నాకు అదే తోచింది.

పక్కింటి ఫెతూ అంది, "అంత మంచి పిల్లాణ్ణి తన్నడానికి నీకు కాలెలా వచ్చిందే తల్లీ." అందరూ నవ్వారు. చెడ్డగా కాదు, మామూలుగానే. కానీ తర్వాతి వారం గుడి విందుకి నేను కొబ్బరి కోరడానికి కూర్చుంటే పిల్లలు కాళ్లు వెనక్కి తీసుకున్నారు. పాస్టరమ్మ గారు వచ్చి, "నువ్వు లేమ్మా, ఇష్టం లేని పని ఎందుకు చేస్తావు" అని మెత్తగా చెప్పి నా చేతిలో చిప్ప తీసుకున్నారు. అప్పటి నుంచి మహిళా సంఘానికి వెళ్లడం లేదు. మామయ్య కూడా రేడియో విన్న సాయంత్రం నేను వడ్డించిన గిన్నె ముట్టుకోలేదు.

నిజం ఏమిటో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే జారిపడ్డానని అమ్మతో చెప్పింది నేనే.

చాపలు అల్లడం ఆపేశాను. వేళ్లు కదలడం లేదు.

ఫువాటినో


పాస్టర్ల బడి
8 జులై 1964

అక్కా,

నీ ఉత్తరం చదివి తోటలోకి వెళ్లాను. బళ్లో ఎవరి మొహమూ చూడలేకపోయాను. అన్నం దగ్గర నా పక్కన కూర్చున్నవాడు ఉప్పు అందించమంటే ఉలిక్కిపడ్డాను.

ఎలా జరిగిందో చెప్తాను. తప్పించుకోడానికి కాదు. మొదటిసారి రాసినప్పుడు నిజమే రాశాను, నేనే తన్నానని. చదువుకుంటే పాస్టరు కాబోయేవాడు అలాంటివాడా అనిపించింది. 'ఒక కుర్రాడు' అని మార్చాను. దానివల్ల కథలో పట్టు పోయింది. 'మా ఇంట్లో ఒకరు' అన్నాను. ఆ ఒకరు ఎవరని జనం ఆలోచిస్తూ ఉండిపోతారనిపించింది. ఆఖరికి 'అక్క' అయింది. తిరగరాసిన ప్రతిసారీ ప్రసంగం బాగుపడింది, నేను పాడయ్యాను. సభలో ఆ మాట చెప్తూ నా అరచెయ్యి పైకెత్తాను అక్కా, గాయం అక్కడే ఉన్నట్టు. అంత దూరం నుంచి ఎవరికి కనబడుతుంది. ఆ క్షణం నాక్కూడా నిజమే అనిపించింది. దానికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

ఊళ్లో రేడియో వింటారని తెలుసు. నువ్వు వింటావనీ తెలుసు. నువ్వు ఏమీ అనవనీ తెలుసు. ఆ ధైర్యంతోనే చెప్పాను.

నాకొకటి తోస్తోంది. పాస్టరమ్మ గారికి ఒక ఉత్తరం రాసి ఈ కవరులోనే పెడుతున్నాను. అందులో, కథలో కొన్ని వివరాలు మారాయని, నువ్వు అలాంటిదానివి కాదని రాశాను. నువ్వే ఆమెకు ఇచ్చి, వీలైతే సంఘంలో చదివించు. ఆ దక్షిణ తీరం పెద్దలు వచ్చే నెల మళ్లీ వస్తున్నారు, అందాకా ఇది ఊరు దాటకుండా చూస్తే మేలు. నీకిష్టమైతేనే.

క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

పెని


మాతాలోవా
15 జులై 1964

పెనీ,

ఆ ఉత్తరం తిరిగి పంపుతున్నాను. విప్పలేదు.

నీ సిగ్గు మొయ్యడానికి కూడా నన్నే పంపుతున్నావు. నా చేత్తో తీసుకెళ్లి, నా నోటితో అడిగి చదివించుకుని, 'నేను మంచిదాన్నే' అని నేనే చెప్పుకోవాలా?

వివరాలు మారలేదు. మనుషులు మారారు.

మన దగ్గర అక్క పరువు కాపాడవలసింది తమ్ముడు. ఇది నేను పుట్టించిన మాట కాదు, మన తాతల నాటి నుంచీ ఉన్నదే. నిన్ను నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు. అడగడం రాక, నీ పనులన్నీ నేనే చేసి నీకు ఆ అవకాశం కూడా లేకుండా చేశానేమో అని ఈ మధ్య ఆలోచిస్తున్నాను.

ఇప్పుడు అడుగుతున్నాను. నీ నోటితో చెప్పిన దాన్ని నీ నోటితోనే వెనక్కి తీసుకో. లేదా తీసుకోకు. ఆ ఊరి పెద్దల దగ్గర మంచిపేరుతో బతుకు. నేను ఎవరితోనూ అనను. కానీ మళ్లీ నాకు ఉత్తరం రాయకు.

ఫువాటినో


పాస్టర్ల బడి
24 ఆగస్టు 1964

అక్కా,

రాయవద్దన్నావు. కానీ చెప్పవలసినవాళ్లకు చెప్పాను, అందుకే రాస్తున్నాను.

ప్రిన్సిపాల్ గారి గదికి మూడు రోజులు వెళ్లి గుమ్మంలోంచి తిరిగొచ్చేశాను. నాలుగో రోజు ఆయనే పిలిచి కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. మొత్తం చెప్పాను. పీట గురించిన మాటలన్నీ నువ్వు రాసినవేనని కూడా చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. కళ్లజోడు తీసి, "ఆ కథ విని నా భార్యకు రాశానోయ్, మన పిల్లలకు చదివి వినిపించమని" అన్నారు. అంతకన్నా కొట్టినా బాగుండేది. ఈ ఏడాది పట్టా ఇవ్వరు. ఒక సంవత్సరం ఆగాలి, ఆ ఏడాదంతా ఎక్కడా ప్రసంగించకూడదు.

దక్షిణ తీరం పెద్దలు అనుకున్న రోజునే వచ్చారు. ఇంకేదో కారణం చెప్పి పంపేయవచ్చునని స్నేహితులన్నారు. నేను నిజమే చెప్పాను. వాళ్లలో అందరికన్నా పెద్దాయన లేచి బట్టలు దులుపుకుని, "బాబూ, మా ఊళ్లో కూడా అక్కలున్నారు" అని వెళ్లిపోయాడు. తర్వాత వాళ్లు నా తరగతివాణ్ణే ఇంకొకణ్ణి పిలిచారు. దీపం మీద మాట్లాడినవాణ్ణి.

రేడియో వాళ్ల దగ్గరికి ఆపియా పట్నం వెళ్లాను. అయిపోయిన ప్రసంగానికి దిద్దుబాట్లు వెయ్యడానికి చోటు లేదన్నారు. అక్కడ పనిచేసే అమ్మాయి నవ్వుతూ, అది తనకు చాలా నచ్చిందనీ, తన తమ్ముణ్ణి కూడా పిలిచి వినిపించిందనీ చెప్పింది. ఆమెకూ చెప్పాను. నవ్వడం ఆపేసింది. అక్కా, అరగంటలో అన్ని దీవులకూ చేరిన మాటను ఒక్కొక్క మనిషి దగ్గరికీ వెళ్లి వెనక్కి తీసుకోవాలంటే ఎన్ని జన్మలు కావాలి. నా వల్ల కాదు. మన ఊరికి మాత్రం రాగలను.

సెప్టెంబరు మొదటి శనివారం పడవకు వస్తాను. పాస్టర్ గారికి రాశాను, ఆదివారం అయిదు నిమిషాలు అడిగాను. ప్రసంగానికి కాదని స్పష్టంగా రాశాను. పీట ప్రిన్సిపాల్ గారిని అడిగి తీసుకున్నాను.

నువ్వు గుడికి రాకపోయినా నేను చెప్పేది చెప్తాను.

పెనియామినా


మాతాలోవా
13 సెప్టెంబరు 1964

పెనీ,

నువ్వు సోమవారం పడవెక్కుతూ నా మొహంలోకి చూసి ఏదో అర్థం చేసుకున్నట్టున్నావు. తప్పుగా అర్థం చేసుకున్నావేమోనని రాస్తున్నాను.

పోయిన ఆదివారం గుడిలో నువ్వు ముందు నిలబడి జనాన్ని చూశావు, నేను వెనక వరసలోంచి చూశాను. కాబట్టి నీకు తెలియనివి కొన్ని చెప్తాను. నీ గొంతు రేడియోలో వచ్చినట్టు రాలేదు. "తన్నింది నేను" అన్నప్పుడు ముందు వరసకైనా వినబడిందో లేదో. ముసలి తావితా లేచి, "వినబడలేదు నాయనా, గట్టిగా చెప్పు" అన్నాడు చూడు, ఆయనకు చెవుడని నీకు గుర్తులేదు. నీతో మూడుసార్లు చెప్పించాడు. మూడోసారికి మా వరసలో ఆడవాళ్లు తలలు దించుకున్నారు. నిన్ను చూసి కాదు. వాళ్ల నవ్వులు వాళ్లకు గుర్తొచ్చాయి.

నేను లేచి మాట్లాడతానని అనుకోలేదు. కాళ్లు అవే లేచాయి. జారిపడ్డానని అమ్మతో అబద్ధం చెప్పింది నేను, పదహారేళ్లుగా దాన్ని మంచితనం అనుకుంటున్నాను అని చెప్పాను. పదేళ్లవాడు తన్నాడు, ఏడ్చాడు, భయపడ్డాడు. ఆ రోజే వాడితో ఒప్పించి ఉంటే అక్కడితో పోయేది. సేవ చేస్తున్నాననుకుని నీ తప్పు దాచిపెట్టి పెంచాను. పాస్టర్ గారికి ఏం చెయ్యాలో తోచక పాట ఎత్తుకోమన్నారు. ఆ పాట అంత నీరసంగా మన గుడిలో ఎప్పుడూ పాడలేదు.

ఆ పొద్దున నువ్వు ఎవరూ అడగకుండానే పొయ్యి దగ్గర కూర్చుని కోరావు. నీకు చేతకాదు. చిప్ప పొట్టు దాకా గీకేశావు, పాలు బూడిద రంగుకి తిరిగాయి. మామయ్య, నువ్వు బయటికి వెళ్లాక, నోట్లోంచి పీచు తీసుకుంటూ, "వీడికి ఇంకో ఏడాది పట్టడం మంచిదే" అన్నాడు. నేను వడ్డించిన గిన్నెలోనే తిన్నాడు. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

బుధవారం ఫెతూ వచ్చింది. బుట్టలో చేపలు గుమ్మం దగ్గర పెట్టి, కూర్చోకుండా, "మా ఇంట్లో ఎక్కువయ్యాయి" అంది. ఎక్కువ అవలేదని నాకు తెలుసు, ఆ రోజు వాళ్లాయన సముద్రం మీదికే వెళ్లలేదు. తీసుకున్నాను. శుక్రవారం మహిళా సంఘానికి వెళ్లాను. పాస్టరమ్మ గారు పక్కన చోటిచ్చారు. ఇంకా చెయ్యి ఒళ్లో దాచుకోవాలనే అనిపిస్తోంది, ఎందుకో తెలియదు. ఇప్పుడు దాచవలసింది ఏమీ లేదు కదా.

ఇక అసలు సంగతి. నువ్వు వెళ్లేటప్పుడు, "అక్కా, కోపం పోయినట్టేనా" అని అడిగావు. నేను నీ సంచి అందించాను తప్ప జవాబు చెప్పలేదు. నువ్వు అది అవునని అనుకున్నావు. నీ మొహం తేలికపడడం చూశాను. ఈ ఉత్తరం మొదట రాసినప్పుడు, 'నాకేమీ కోపం లేదు, నిశ్చింతగా చదువుకో' అని రాశాను. రాసి చూసుకుంటే అది నేను అమ్మతో చెప్పిన మాటలాగే ఉంది. కొట్టేశాను.

నాకు ఇంకా కోపంగా ఉంది పెనీ. పొద్దున నిద్రలేవగానే ఉంటోంది, పనిలో పడితే కాస్త తగ్గుతుంది, నీ పేరు ఎవరైనా అంటే మళ్లీ వస్తుంది. ఎప్పుడు పోతుందో నాకు తెలియదు. నిన్ను ప్రేమిస్తున్నానో లేదో అని అడగకు, అది వేరే సంగతి, దానికేమీ కాలేదు.

డిసెంబరులో బడి మూసేస్తారు కదా. రా. అప్పటికి కోపం పోకపోతే పోలేదనే చెప్తాను. ఆ మాట వింటూ ఈ ఇంట్లో ఉండాలి నువ్వు.

ఫువాటినో